పాత జీపుతో పెద్ద రోడ్డెక్కే పిల్లలకు

చిరంజీవులైన నా మనవళ్లకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

పాత బండ్ల ర్యాలీకి మన విల్లీస్ జీపును మీరే నడుపుకుంటూ తీసుకెళ్తామన్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది. లైసెన్సు ఉన్నవాళ్లే స్టీరింగ్ పట్టాలి, అందులో బేరాల్లేవు. ఇంకో సంగతి. 2021లో కేంద్రం పెట్టిన నిబంధనల కింద ‘వీఏ’ నంబరు తీసుకున్న పాత బండిని ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, రిపేరుకో రోడ్డెక్కించవచ్చు. రోజువారీ పనులకు వాడకూడదు. కాబట్టి వచ్చేటప్పుడు దారిలో షికార్లు పెట్టుకోకండి.

ఈ జీపు 1941-45 మధ్య యుద్ధం కోసం పుట్టింది. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా చేశాయి. శత్రువు కంట పడకూడదని దానికి మెరుపు లేని రంగు వేశారు, వెనక పిల్లి కళ్లంత దీపాలు పెట్టారు. మనకు ఇప్పుడు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. అందరి కంటా పడాలి. ఆలివ్ గ్రీన్ రంగు మన దేశంలో సైన్యం బండ్లకే చెల్లుతుంది కాబట్టి మన జీపుకు ఇసుక రంగు వేయించాను. కానీ సాయంత్రం వేళ, దుమ్ములో ఆ రంగు కూడా రోడ్డులో కలిసిపోతుంది.

నెమ్మదిగా వెళ్లడం వల్ల ప్రమాదం రాదురా. మనం నెమ్మదిగా వెళ్తున్నామని వెనకవాడికి తెలియకపోతేనే వస్తుంది. లెక్క వేసి చూడండి. మీరు 50లో వెళ్తున్నారు, వెనక కారు 100లో వస్తోంది. అంటే అది సెకనుకు దాదాపు 14 మీటర్ల చొప్పున మీకు దగ్గరవుతోంది. 200 మీటర్ల దూరం ఉన్నా 14 సెకన్లలో మీ వెనక ఉంటుంది. అందులో అయిదు సెకన్లు ఆ డ్రైవరు ఫోన్ చూసుకున్నాడంటే 70 మీటర్లు హరించుకుపోయినట్టే. పైగా దూరం నుంచి చూసేవాడు ముందున్న బండి కూడా తనలాగే వెళ్తోందనుకుంటాడు. మీరు దగ్గర పడుతున్నారని తెలిసేసరికి బ్రేకు వేసే టైమ్ ఉండదు.

అందుకే వెనక రెండు వైపులా పెద్ద ఎల్ఈడీ బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు బిగిస్తున్నాను. అచ్చం పాతకాలం బండిలా ఉండాలనే పట్టింపు నాకూ ఉంది, కానీ మీ కన్నా అది ఎక్కువ కాదు. ఎర్ర రిఫ్లెక్టర్ టేపు కూడా వెనక అడ్డంగా అంటించండి. చీకటి పడ్డాక, పొగమంచులో అసలు బయలుదేరొద్దు. వెనకాల వంద మీటర్ల దూరంలో బాబాయి కారు తోడుగా వస్తుంది.

మన జీపుకు స్టీరింగ్ ఎడమ వైపు ఉంది. లారీ వెనక ఉన్నప్పుడు ఎదుటి నుంచి ఏం వస్తోందో డ్రైవరుకు కనపడదు. చూడాలంటే బండిని సగం బయటపెట్టాలి, అప్పటికే ఆలస్యం అయిపోతుంది. కాబట్టి లారీని దాటే ఆలోచనే వద్దు. చెయ్యి చాపి సిగ్నల్ ఇచ్చినా కుడి పక్కవాడికి కనిపించదు. కుడి సీట్లో కూర్చున్నవాళ్లు అటు వైపు చూస్తూ చెబుతూ ఉండాలి, ఫోటోలు తీసుకోవడం తర్వాత. ఎడమ లేన్‌లోనే వెళ్లండి కానీ మరీ అంచుకు ఒరగొద్దు. రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, ఆపి ఉంచిన లారీలు అక్కడే ఉంటాయి. సింగిల్ రోడ్డులో వెనక నాలుగైదు బండ్లు పోగుపడితే పక్కకు ఆపి దారి ఇవ్వండి. ఓపిక పోయినవాడు దాటబోయి మిమ్మల్నే గుద్దుతాడు.

ఇక బ్రేకులు. ఇది మాత్రం రెండుసార్లు చదవండి. ఇప్పటి కార్లలో బ్రేక్ ఆయిల్‌కు రెండు దారులుంటాయి, ఒకటి పోయినా ఇంకోటి ఆపుతుంది. మన జీపులో ఒక్కటే దారి. ఒక పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఇంజన్ స్టార్ట్ చేయకముందే పెడల్ గట్టిగా తొక్కి, అలాగే ముప్పై దాకా లెక్కపెట్టండి. పాదం కింద పెడల్ మెల్లగా లోపలికి జారిపోతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోందన్నా అనుకోవాలి, పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు పోయిందన్నా అనుకోవాలి. వంగి ప్రతి చక్రం లోపలి వైపు టార్చి వేసి చూడండి. తడి చార కనిపిస్తే ఆ రోజు ప్రయాణం లేదు.

40లో ఉన్న బండిని ఆపడం కంటే 60లో ఉన్నదాన్ని ఆపడానికి బ్రేకుల మీద రెండింతలకు పైగా భారం పడుతుంది. ముందు ఖాళీ ఎక్కువ వదలండి. మధ్యలో కారు దూరితే దూరనివ్వండి, మళ్లీ వెనక్కి తగ్గండి. వాగు దాటాక చక్రాల లోపలి బ్రేకు డ్రమ్ముల్లో నీళ్లుంటాయి, మెల్లగా పోతూ కాసేపు పెడల్ కొద్దిగా నొక్కి ఉంచితే వేడికి ఆరిపోతాయి. ఘాట్ దిగేటప్పుడు పైనే రెండో గేరులో పెట్టుకుని దిగండి. ఊరికే బ్రేకు తొక్కుతూ ఉంటే డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. మొదటి గేరు సగం వాలులో పడదు, డబుల్ క్లచ్, అంటే గేరు మార్చేటప్పుడు క్లచ్ రెండుసార్లు తొక్కడం, చేతికి వచ్చాకే ప్రయత్నించండి. హ్యాండ్ బ్రేక్ పట్టేది చక్రాలను కాదు, గేరు పెట్టె వెనక తిరిగే షాఫ్టును. బండి ఆగాకే లాగాలి. నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే ఫోర్ వీల్ బురదకే, పొడి తారు మీద వేస్తే గేర్లు బిగుసుకుంటాయి.

పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంది. పోయించేటప్పుడు అందరూ దిగాలి. వెనక చక్రాల మీది రేకు మీద ఎవరూ కూర్చోవద్దు. తలుపుల్లేని బండి కాబట్టి నాలుగు సీట్లకూ బెల్టులు పెట్టిస్తున్నాను, కట్టుకోండి.

దారిలో ఆగిపోతే తోసి రోడ్డు దింపండి. ఎర్ర త్రికోణం బాగా వెనక పెట్టి, మీరంతా రెయిలింగ్ అవతల నిలబడండి, జీపులో కూర్చోకండి. నేషనల్ హైవే అయితే హైవే హెల్ప్‌లైన్ 1033కి, ఆ తర్వాత నాకు ఫోన్ చేయండి.

ముందు రోజు మధ్యాహ్నానికే వచ్చేయండి. నాలుగు చక్రాలూ విప్పి బ్రేకులు కలిసి చూద్దాం. పాత బట్టలు తెచ్చుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య