పని ఉన్నట్టా, లేనట్టా?

పిల్లలూ,

మా మనవరాలు పోయిన వారం నన్నొక ప్రశ్న అడిగింది. “తాతయ్యా, అన్నయ్య డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం తిరుగుతూనే ఉన్నాడు. మన బేకరీలో రొట్టెలు కాల్చేవాళ్లేమో బంగ్లాదేశ్ నుంచి వచ్చారు. ఇంతకీ మన మారిషస్‌లో పని ఉన్నట్టా, లేనట్టా?” పెద్దల విషయాలు నీకెందుకని వాళ్ల నాన్న కసిరాడు. ఈ ప్రశ్న దగ్గరే మన ప్రభుత్వాలు ఒకదాని తరువాత ఒకటి తల పట్టుకుంటున్నాయి. పిల్ల అడిగితే తప్పేమిటి?

పండుగ రోజున ఒక ఇంటి గుమ్మం ముందు పాతిక జతల చెప్పులున్నాయనుకోండి. లోపల పాతికమంది మనుషులున్నారు. లెక్క సరిపోయింది. అయినా బయలుదేరే వేళకు అయిదుగురు ఉత్త కాళ్లతో నిలబడ్డారు, అయిదు జతలు మిగిలిపోయాయి. ఒక జత పట్టదు. ఒకటి కరుస్తుంది. ఒకటి సరిగ్గానే ఉంది కానీ, అది వేసుకుని నలుగురిలోకి వెళ్లడానికి నామోషీ. మన దేశంలో పని సంగతి ఇంతే. చెప్పులూ ఉన్నాయి, ఉత్త కాళ్లూ ఉన్నాయి.

కొవిడ్ రావడానికి ముందు, 2019లో, దేశం మొత్తం మీద నిరుద్యోగం 7 శాతం లోపే ఉండేది. పాతికేళ్ల లోపు వాళ్లను మాత్రమే లెక్కేస్తే, పని చేస్తున్నవాళ్లూ, పని కోసం చూస్తున్నవాళ్లూ కలిపి ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా ఖాళీగా ఉన్నారు. అదే సమయంలో బట్టల మిల్లుల వాళ్లు, బేకరీల వాళ్లు, ఇళ్లు కట్టేవాళ్లు మనుషులు దొరకడం లేదని బంగ్లాదేశ్, భారత్, నేపాల్, మడగాస్కర్ల నుంచి రప్పించుకుంటున్నారు.

పెద్ద దేశంలో అయితే ఈ గుమ్మం ముందు దొరకని చెప్పులు పక్క ఊళ్లో దొరకవచ్చు. మనది మొత్తం కలిపి 2,040 చదరపు కిలోమీటర్లు, మనుషులం 12 లక్షల పైచిలుకు. ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకు కారులో రెండు గంటలు పట్టదు. మనకున్నది ఒకే గుమ్మం. పైగా ఏ సైజు చెప్పులు కుట్టాలో నిర్ణయించేది మనం కాదు, సముద్రం అవతల కొనేవాళ్లు.

నా చిన్నతనంలో దొరికేది ఒకే సైజు. చెరకు. మా నాన్న తోటలో కూలి. జూన్‌లో కోత మొదలైతే డిసెంబరు దాకా ఇంట్లో డబ్బు ఆడేది. ఆ తరువాత ‘ఆంత్రకూప్’, అంటే కోతకూ కోతకూ మధ్య కాలం. అప్పుడు చీనా దుకాణంలో ‘కార్నే’ మీద బతికేవాళ్లం. కార్నే అంటే అప్పు రాసే చిన్న నోటుపుస్తకం. బియ్యం, నూనె, ఎండుచేప, అన్నీ అందులోకి ఎక్కేవి. దుకాణానికి వెళ్లినప్పుడల్లా ఆ పుస్తకాన్ని చొక్కా లోపల దాచుకుని వెళ్లేవాణ్ణి. అందరి ఇళ్లలోనూ ఉండేదే అయినా ఎందుకో సిగ్గు.

ఆ రోజుల్లోనే, 1960లో, జేమ్స్ మీడ్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త ఈ దీవిని చూడడానికి వచ్చాడు. మలేరియా తగ్గింది, పిల్లలు బతుకుతున్నారు, జనాభా పెరిగిపోతోంది, చెరకు తప్ప పని లేదు, ఇలాగే సాగితే కష్టమే అని రాశాడు. తరువాత 1977లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చి మన జెండా ఎగిరినప్పుడు ఎంతోమంది చప్పట్లు కొట్టారు. మర్నాడు పనికి ఎక్కడికి వెళ్లాలో చాలామందికి తెలియదు.

1970లో ఎగుమతుల కోసం ఒక చట్టం చేశారు. విదేశాలకు అమ్మే సరుకు ఇక్కడ తయారుచేస్తే ముడిసరుకు మీద సుంకం లేదు, పన్నులో రాయితీ. హాంకాంగ్ నుంచి, యూరప్ నుంచి, మన చక్కెర కంపెనీల నుంచి కూడా పెట్టుబడి వచ్చింది. ఊరి చివర చెరకు పక్కనే కుట్టు మిషన్ల మోత మొదలైంది. మా అక్క వెళ్తానంది. “ఆడపిల్లను ఫ్యాక్టరీకి పంపుతారా?” అని ఇరుగుపొరుగు. నాన్న రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. అయినా వెళ్లింది.

ఆమె పని స్వెట్టర్లకు మెడపట్టీ కుట్టడం. పొద్దున నుంచి సాయంత్రం దాకా మెడపట్టీలే. చలి అంటే ఏమిటో తెలియని పిల్ల, మంచు కురిసే దేశాల వాళ్ల మెడలు వెచ్చబెట్టింది. రాత్రి దీపం దగ్గర కూర్చుని జుట్టులో ఇరుక్కున్న ఉన్ని పోగులు ఒక్కొక్కటే తీసుకునేది. తొలి జీతం రాగానే తిన్నగా చీనా దుకాణానికి వెళ్లి కార్నే చూపించింది. దుకాణదారు కళ్లద్దాలు సర్దుకుని, మొత్తం రెండుసార్లు కూడి, ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీత గీశాడు. అది నాన్నకు చూపించాం. ఆ తరువాత ఫ్యాక్టరీ మాటకు ఆయన అడ్డు చెప్పలేదు. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు తక్కువ కూలీ అని అప్పట్లో నిబంధనల్లోనే రాసి ఉండేదన్న సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. దేశాన్ని నిలబెట్టింది ఆ తక్కువ కూలీ చేతులే.

1980ల మొదట్లో అయిదుగురిలో ఒకరికి పని లేదు. అదే దశాబ్దం ముగిసేసరికి పని చేసేవాళ్లు చాలడం లేదని మిల్లుల వాళ్లు వెతుక్కున్నారు. బయటి దేశాల మనుషులు రావడం అప్పుడే మొదలైంది.

తరువాత రెండు దెబ్బలు దాదాపు ఒకేసారి తగిలాయి. ఏ దేశం ఎన్ని బట్టలు అమ్మవచ్చో చెప్పే అంతర్జాతీయ ఒప్పందం 2004 చివరికి ముగిసింది. చైనాతో నేరుగా పోటీ పడాల్సి వచ్చింది. ఆ వెనకే, మన చక్కెరకు యూరప్ ఇచ్చే ధరను కొద్ది సంవత్సరాల్లో 36 శాతం తగ్గించారు. ఎవరో ఎక్కడో పాత చెప్పులు ఇక వద్దన్నారు, ఇక్కడ ఊళ్లకు ఊళ్లు కాళ్లు చూసుకున్నాయి. చక్కెర కూలీలకు కొంత డబ్బు, ఇంటి స్థలం ఇచ్చి పంపేశారు. అక్క ఫ్యాక్టరీకి తాళం పడింది.

యాభై దాటిన ఆమెను ఒక శిక్షణ తరగతిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. మౌస్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని పైకెత్తింది. వెనక ఎవరో నవ్వారు. మరునాడు వెళ్లలేదు. శిక్షణ అనే మాట ప్రతి బడ్జెట్ ప్రసంగంలోనూ వినిపిస్తుంది, మంచి మాటే. కానీ చెప్పుల కొలత మార్చినంత తేలిక కాదు, కాళ్ల కొలత మార్చడం. పద్దెనిమిదేళ్ల కాలు ఇంకా పెరుగుతుంది. యాభై రెండేళ్ల కాలు పెరగదు.

చెరకు పెరిగిన నేల మీదే, ఎబెన్ అనే చోట, ఆఫీసుల అద్దాల భవనాలు లేచాయి. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ వచ్చిన పిల్లలకు అక్కడ పని దొరికింది. సముద్రం ఒడ్డున హోటళ్లు పెరిగాయి. 2020 మార్చిలో కొవిడ్ వల్ల సరిహద్దులు మూసేసరికి ఆ హోటళ్లు ఖాళీ అయ్యాయి. అప్పుడు ప్రభుత్వమే జీతాల్లో భాగం భరించి మనుషులను ఉద్యోగాల్లో నిలబెట్టింది. నన్నడిగితే ఇటీవల చేసిన పనుల్లో అది మేలైనది. 2013లో, కుర్రవాళ్లకు పని నేర్పే కంపెనీలకు భత్యంలో కొంత తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. 2018 జనవరి నుంచి దేశమంతటికీ కనీస వేతనం వచ్చింది. ఇవి కూడా అవసరమే.

ఇప్పుడు బేకరీ సంగతి. “వాళ్లు మన పని లాక్కున్నారు” అని ఎవరైనా అంటే మీరు తలూపకండి. 1834 నుంచి 1910 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయులు కూలి ఒప్పంద కాగితం మీద ఈ దీవికి వచ్చారు. కోరంగి రేవులో ఓడ ఎక్కిన మన ముత్తాతలు వాళ్లలో ఉన్నారు. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలీ కోసేవాళ్లు. పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్ మెట్లు ఇంకా ఉన్నాయి, వెళ్లి చూడండి. ఆ మెట్లెక్కి వచ్చినవాళ్ల మునిమనవలం మనం. బేకరీలో పిండి పిసికే అబ్బాయి కూడా ఒక ఒప్పందం మీదే వచ్చాడు, నెలనెలా ఇంటికి డబ్బు పంపుతున్నాడు.

ఇక్కడ ఇంకో చిత్రం ఉంది. మన కుర్రవాళ్లు బేకరీకి వెళ్లరు కానీ, కెనడాలో మాంసం ప్యాక్ చేసే ఫ్యాక్టరీకి వెళ్తారు, విహార నౌకల్లో గదులు తుడుస్తారు. పని బరువు అదే, జీతం వేరు. అక్కడ ఎరిగినవాళ్లు ఎవరూ చూడరు కూడా. మరి బేకరీ యజమాని జీతం పెంచితే? రొట్టె తయారీ ఖర్చు పెరుగుతుంది. కాబట్టి పిల్లలు రాకపోవడం బద్ధకమా, జీతం తక్కువా, పరువా? ఎంత జీతం ఇస్తే ఎవరి కాలు ఏ చెప్పులో దూరుతుందో ఇన్నేళ్లు చూసినా నాకు ఆశ్చర్యమే. పుట్టే పిల్లలు తగ్గుతున్నారు, పింఛను తీసుకునే నాలాంటివాళ్లు పెరుగుతున్నాం. ఈ చిక్కుముడి మీ కాలానికి ఇంకా బిగుసుకుంటుంది.

అందుకని మీకో పని చెబుతాను. ఈ వారం పత్రికలో ఉద్యోగ ప్రకటనల పేజీ కత్తిరించి, ఇంట్లో చదువు ముగించిన అన్నో అక్కో ఉంటే వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్లు చేయగలిగిన ఉద్యోగాలకు నీలం గీత, చేయడానికి ఇష్టపడేవాటికి ఎర్ర గీత పెట్టించండి. నీలం ఉండి ఎరుపు లేని చోట కారణం అడగండి. నవ్వకండి, మధ్యలో అడ్డుపడకండి. ఆ తరువాత బేకరీకి వెళ్లి, పని ఎన్ని గంటలకు మొదలవుతుందో, జీతం ఎంతో, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని కనుక్కుని, ఒక కాగితం మీద రాసుకోండి. రెండు కాగితాలూ నాకు పంపండి.

మీ తాతయ్య