గల్వాన్‌లో తుపాకులు ఎందుకు పేలలేదు: సూర్యాపేట అడిగిన ప్రశ్న వెనుక కథ

సూర్యాపేట కోర్టు చౌరస్తాలో కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు విగ్రహం ఉంది. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి 20 మంది మన సైనికులు ప్రాణాలు కోల్పోయారు. ఆయన 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్. వయసు 37 ఏళ్లు. కరోనా భయం అంతటా ఉన్న రోజుల్లో కూడా అంతిమయాత్ర చూడటానికి జనం రోడ్ల మీదికి వచ్చారు. ఆ వారమంతా పాత నల్లగొండ జిల్లాలో ఏ వాకిట్లో కూర్చున్నా ఒకటే మాట: "మనోళ్ల దగ్గర తుపాకులు లేవా? ఉంటే ఎందుకు పేల్చలే?"

ఈ ప్రశ్నకు విదేశాంగ మంత్రి జైశంకర్ జూన్ 18న జవాబిచ్చారు. సైనికుల దగ్గర ఆయుధాలు ఉన్నాయని, ఎదురుపడ్డప్పుడు వాటిని వాడకపోవడం 1996, 2005 ఒప్పందాల ప్రకారం చాలాకాలంగా వస్తున్న పద్ధతి అని చెప్పారు. జవాబు రెండు ముక్కల్లో ముగిసింది. దాని వెనుక ఉన్న కథ మాత్రం చాలా పెద్దది.

1962 యుద్ధంలో గల్వాన్‌లోని మన పోస్టు మొదటి రోజే, అక్టోబర్ 20న, చైనా చేతిలో పడింది. 1967లో సిక్కింలోని నాథులా, చోలా దగ్గర ఫిరంగులు మోగాయి. 1975లో అరుణాచల్ వైపు తులుంగ్ లా దగ్గర నలుగురు అస్సాం రైఫిల్స్ జవాన్లు చనిపోయారు. ఆ తర్వాత ఆ సరిహద్దులో కాల్పుల వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. 1986లో అరుణాచల్‌లోని సుమ్‌దొరోంగ్ చూ దగ్గర రెండు సైన్యాలు మళ్లీ ఎదురెదురుగా మోహరించాయి. ఆ టెన్షన్‌ను తగ్గించడానికే 1988 డిసెంబర్‌లో రాజీవ్ గాంధీ బీజింగ్ వెళ్లారు.

అసలు మలుపు 1993లో వచ్చింది. అప్పటి ప్రధాని మన తెలంగాణ బిడ్డ పీవీ నరసింహారావు. ఆ రోజుల్లో దేశం పరిస్థితి ఏమీ బాగోలేదు. ఖజానా ఖాళీ అయి అప్పటికి రెండేళ్లే. పెద్ద అండగా ఉన్న సోవియట్ యూనియన్ కూలిపోయింది. సైన్యం కశ్మీర్‌లో తలమునకలుగా ఉంది. ఇంత భారం మీద ఉత్తరాన మరో యుద్ధం వస్తే తట్టుకోవడం కష్టం. అందుకే 1993 సెప్టెంబర్ 7న, పీవీ బీజింగ్ పర్యటనలో, వాస్తవాధీన రేఖ (రెండు సైన్యాల చేతుల్లో ఉన్న భూముల మధ్య హద్దు) వెంట శాంతి కాపాడే ఒప్పందం కుదిరింది. అసలు సరిహద్దు తగాదా తేలేదాకా రెండు దేశాలూ ఆ రేఖను గౌరవించాలి, అక్కడ బలగాలను వీలైనంత తక్కువగా ఉంచాలి. ఆ ఒప్పందం పిరికితనమని నేను అనుకోను. దాని పుణ్యాన ఎన్నో ఇళ్లకు తమ బిడ్డలు ప్రాణాలతో తిరిగొచ్చారు.

1996 నవంబర్‌లో చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ ఢిల్లీ వచ్చినప్పుడు దానికి మరో మెట్టు చేరింది. రేఖకు రెండు కిలోమీటర్ల లోపు ఎవరూ కాల్పులు జరపకూడదు, పేలుళ్లు చేయకూడదు. తుపాకీతో వేటాడటం కూడా కుదరదని రాసుకున్నారు. ఎవరో జింకను కొట్టిన చప్పుడు యుద్ధానికి దారి తీస్తుందేమోనన్నంత జాగ్రత్త అది. 2005 ఒప్పందంలో ఎదురుపడ్డ సైనికులు సంయమనం పాటించాలని, బలప్రయోగం చేయకూడదని, ఎవరి స్థావరాలకు వాళ్లు తిరిగి వెళ్లాలని చేర్చారు.

అయితే పెద్ద లోటు ఒకటి మిగిలిపోయింది. రెండు కిలోమీటర్లు అన్నారు సరే, ఎక్కడి నుంచి కొలవాలి? మన ఊళ్లల్లో గెట్టు పంచాయితీ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సర్వే చేయించి హద్దురాళ్లు పాతకుండా, గెట్టు మీద గొడవ పడబోమని ఇద్దరు రైతులు కాగితం మాత్రం రాసుకుంటే ఆ కాగితం ఎన్నాళ్లు నిలుస్తుంది? రేఖ ఎటు పోతుందో తేల్చుకోవడానికి మ్యాపులు ఇచ్చిపుచ్చుకోవాలని 1996లోనే ఒప్పుకున్నారు. హిమాచల్, ఉత్తరాఖండ్ వైపున్న మధ్య సెక్టారు మ్యాపులు మాత్రమే చేతులు మారాయి. లద్దాఖ్ ఉన్న పశ్చిమ సెక్టారు దగ్గరికి వచ్చేసరికి 2002లో చైనా ముందుకు రాలేదు. అక్కడితో ఆ పని ఆగిపోయింది.

గెట్టు తేలని చోట గట్టివాడు ఏం చేస్తాడో కూడా మనకు తెలుసు. ఏటా దుక్కి దున్నేటప్పుడు ఒక్క సాలు అవతలికి జరుపుతాడు. ఒక్క సాలు కోసం కోర్టుకు ఎవరు పోతారు? ఇవాళ్టి సైనిక వ్యూహంలో చైనా వాడుతున్నది అచ్చంగా ఈ పద్ధతే. యుద్ధం అని పిలవలేనంత చిన్న చర్య, వెనక్కి తీసుకోనంత మొండి పట్టు. 2013లో లద్దాఖ్‌లోని దెప్సాంగ్‌లో మూడు వారాలు గుడారాలు వేసుకుని కూర్చున్నారు. 2017లో భూటాన్ తనదనే డోక్లామ్‌లో రోడ్డు వేయబోయారు, మన సైన్యం 73 రోజులు అడ్డంగా నిలబడింది. సముద్రంలోనూ ఇదే తీరు. 2024 జూన్‌లో ఫిలిప్పీన్స్ నావికుల పడవల మీదికి చైనా కోస్ట్‌గార్డు వాళ్లు కత్తులు, గొడ్డళ్లతో వచ్చారు. తూటా పేలితే అది యుద్ధం అవుతుంది. గొడ్డలి అయితే 'గొడవ' అని సరిపెట్టవచ్చు.

గల్వాన్ లోయకు దగ్గరలోనే దర్బుక్ నుంచి ఉత్తరాన ఉన్న మన సైనిక స్థావరం దౌలత్ బేగ్ ఓల్డీకి మన 255 కిలోమీటర్ల రోడ్డు పోతుంది. ఆ లోయ మీద పట్టు అంటే ఆ రోడ్డు మీద నిఘా. 2020 జూన్ 6న రెండు వైపుల సైనికాధికారులు కూర్చుని బలగాలను వెనక్కి తీయడానికి ఒప్పుకున్నారు. తర్వాత చైనా మన వైపు ఒక నిర్మాణం వేయబోయిందని, గొడవ దానితోనే మొదలైందని భారత ప్రభుత్వం చెప్పింది. రాళ్లు, మేకులు కొట్టిన కర్రలతో చీకట్లో కొట్లాట జరిగింది. చనిపోయినవారిలో 17 మంది తీవ్ర గాయాలతో, సున్నా కంటే దిగువ చలిలో ప్రాణాలు వదిలారని సైన్యం ప్రకటించింది. తమవాళ్లు నలుగురు చనిపోయారని చైనా ఎనిమిది నెలల తర్వాత ఒప్పుకుంది. సంతోష్‌బాబుకు మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు.

ఆ తర్వాత పాత పద్ధతి నిలవలేదు. 2020 ఆగస్టు చివరలో మన సైన్యం లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సుకు దక్షిణాన కైలాస్ పర్వత శ్రేణి శిఖరాలు ఎక్కి కూర్చుంది. సెప్టెంబర్ 7న ఆ రేఖ మీద 45 ఏళ్ల తర్వాత తుపాకీ చప్పుడు వినిపించింది. అప్పటిదాకా పాకిస్తాన్ వైపు చూస్తున్న దళాల్లో కొన్నింటిని చైనా వైపు తిప్పారు.

చర్చలు మీద చర్చలు జరిగాక, 2024 అక్టోబర్‌లో దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో మళ్లీ గస్తీ తిరగడానికి ఒప్పందం కుదిరింది. 2025 ఆగస్టులో, హద్దు గీసే పని కొన్ని చోట్లయినా మొదలుపెట్టగలమేమో చూడటానికి నిపుణుల బృందం వేయాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. 2002లో ఆగిన చోటికే మళ్లీ వచ్చారన్నమాట. గల్వాన్ సంగతి వేరు. 2020 జులైలో రెండు సైన్యాలూ వెనక్కి జరిగినప్పుడు అక్కడ ఇద్దరూ అడుగు పెట్టని ఖాళీ జాగా ఏర్పడింది. 2024 ఒప్పందంలో దాని ఊసు లేదు.