తళతళలాడే నీళ్ళని నమ్మకండి: వాడిన నీళ్ళతోనే చేపల పెంపకం, అపోహలు - వాస్తవాలు

నేను పర్లాకిమిడి దగ్గర ట్యాంకుల్లో, చిన్న చెరువుల్లో వాడిన నీళ్ళనే మళ్ళీ వాడుతూ చేపలు పెంచే ప్రయోగాల మీద పనిచేస్తాను. కాశీనగర్, గుణుపూర్ వైపు నుంచి కూడా రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి చూడమంటారు. మన బజార్లో ఐసు పెట్టెల్లో దిగే చేప చాలావరకు ఆంధ్రా నుంచే వస్తుంది, మనమే ఎందుకు పెంచుకోకూడదు అని కుర్రాళ్ళు ముందుకొస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది, కానీ వీడియోలు చూసి లక్షలు పెట్టేసి రెండో నెలలో ఏడుస్తూ వస్తుంటే మాత్రం గుండె తరుక్కుపోతుందండి. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: నీళ్ళు తేటగా ఉంటే చేపకి ఢోకా లేదు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. పోయినేడు ఒకబ్బాయి కొత్త ట్యాంకు కట్టి, నీళ్ళు నింపి, మూడోరోజే చేపపిల్లల్ని వదిలేశాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి సార్ అని ఫోటోలు కూడా పంపాడు, రెండు వారాలు తిరిగేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి, మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాల్సినవి గోధుమ రంగులో ఉన్నాయి. అది నైట్రైట్. చేప వదిలే అమ్మోనియాకి రంగు లేదు, నైట్రైట్‌కీ లేదు, కంటితో ఎలా కనిపెడతాం? ఫిల్టర్లో ఒకరకం బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, ఇంకోరకం దాన్ని పెద్దగా హాని లేని నైట్రేట్ చేస్తుంది. ఈ రెండో రకం ఆలస్యంగా పెరుగుతుంది, ఆ మధ్యలో పిల్లల్ని వదిలితే అవి నైట్రైట్లో ఇరుక్కుపోతాయి. ఫిల్టర్ సిద్ధమవడానికి నాలుగైదు వారాలు, ఒక్కోసారి ఆరు పడుతుంది. అన్నాళ్ళూ చేపల్లేకుండా కొంచెం అమ్మోనియా ఇస్తూ టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండాలి, వేసిన అమ్మోనియా, దాన్నుంచి వచ్చిన నైట్రైట్ రెండూ ఒక్కరోజులో సున్నాకి దిగాయంటే అప్పుడు వదలండి. నేనెప్పుడూ చెప్పేది ఒకటే, మనం ముందు పెంచాల్సింది బ్యాక్టీరియాని, చేప తర్వాత.

దీనికి తోడు పీహెచ్ ఒకటుంది, నీళ్ళల్లో ఆమ్లం ఎక్కువో క్షారం ఎక్కువో చెప్పే అంకె అది. మన ఎండలకి నీళ్ళు 28, 30 డిగ్రీలు ఉంటాయి కదా, ఆ వేడిలో పీహెచ్ 7 దగ్గర అమ్మోనియాలో విషమయ్యే భాగం నూటికి ఒకటి కూడా ఉండదు, అదే 8కి వచ్చేసరికి ఆరేడు అవుతుంది, 9 అయితే సగానికి దగ్గర. కిట్‌లో అమ్మోనియా ఒకటే అంకె చూపిస్తున్నా, పీహెచ్ పెరిగితే పొద్దున బాగున్న చేప మధ్యాహ్నం తల్లడిల్లేది అందుకే.

అపోహ: ఆర్‌ఏఎస్ (నీళ్ళని ఫిల్టర్ చేసి తిప్పి తిప్పి వాడే ట్యాంకు పద్ధతి) పెడితే ఒకసారి నింపిన నీళ్ళే ఏళ్ళ తరబడి చాలు.

వాస్తవం: మామూలు ఆర్‌ఏఎస్‌లో కూడా రోజుకి నూటికి 5 నుంచి 10 వంతులు కొత్త నీళ్ళు కావాలి, మలం, మిగిలిన మేత తీసేటప్పుడు కొంత పోతుంది, నైట్రేట్ పేరుకుంటుంది, ఎండకి ఆవిరి సరేసరి. ఇంకోటి ఎవరూ చెప్పరు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్, 7 గ్రాముల పైచిలుకు ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే క్షారగుణం) ఖర్చవుతుంది. మేం పరీక్షించిన కొండవాగు నీళ్ళల్లో ఆల్కలినిటీ అసలే తక్కువ, కాబట్టి వంటసోడా లెక్క చూసి వేస్తూ ఉండకపోతే పీహెచ్ పడిపోయి ఫిల్టరే పడుకుంటుంది.

అపోహ: జబ్బొస్తే మందు నీళ్ళల్లో కలిపేస్తే సరి.

వాస్తవం: తిరిగే నీళ్ళల్లో యాంటీబయాటిక్, పర్మాంగనేట్ పోస్తే ఫిల్టర్‌లో బ్యాక్టీరియా కూడా చస్తుంది, మళ్ళీ మొదటికొస్తారు. జబ్బు చేపల్ని వేరే తొట్టిలో పెట్టి చూడండి.

అపోహ: బయోఫ్లాక్‌లో బెల్లం పోస్తే చాలు, ఏ చేపైనా పెరుగుతుంది.

వాస్తవం: బయోఫ్లాక్ అంటే మలం, మిగిలిన మేతని ట్యాంకులోనే బ్యాక్టీరియా ముద్దలుగా మార్చే పద్ధతి, బెల్లం ఆ బ్యాక్టీరియాకి కార్బన్ ఇస్తుంది. కానీ అది బకెట్లతో పోసేది కాదు, మేతలో ఉన్న నత్రజనికి తగ్గట్టు కార్బన్ పది నుంచి పదిహేను రెట్లు ఉండేలా లెక్క కట్టాలి, ఎక్కువైతే బ్యాక్టీరియా ఆక్సిజన్ మొత్తం లాగేస్తుంది. తిలాపియా ఆ చిక్కటి నీళ్ళని తట్టుకుంటుంది, పంగాసియస్ (బజార్లో ఫంగస్ అంటారు) గాలి కూడా పీల్చుకుంటుంది కాబట్టి నెట్టుకొస్తుంది. బొచ్చె, శీలావతిని ఇరుకు ట్యాంకుల్లో కుక్కితే ఆ ధరకి కరెంటు బిల్లు కూడా రాదని నా అభిప్రాయం, వాటికి చెరువే మేలు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న సీఫా (కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ) వాళ్ళు ఎంపిక పద్ధతిలో తయారుచేసిన జయంతి రోహూ (శీలావతి రకం) పిల్ల దొరికితే చెరువులో వేసి చూడండి. మన దేశంలో కార్ప్ (బొచ్చె, శీలావతి జాతి) చేపకి మొదటిసారి హార్మోన్ ఇచ్చి గుడ్లు పెట్టించింది కూడా 1957 జులై 10న మన ఒడిశాలోని అంగుల్‌లోనే, ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. ఇక జనరేటర్ లేకుండా బయోఫ్లాక్ మాత్రం వద్దే వద్దు, కిక్కిరిసిన ట్యాంకులో అర్ధరాత్రి అరగంట కరెంటు పోతే తెల్లారేసరికి ఏమీ మిగలదు.

అపోహ: చేపలు పెంచిన నీళ్ళు మురుగు, వాగులో వదిలేయడమే.

వాస్తవం: అయ్యో, అది ఎరువండీ! అడుగు మడ్డి ఒక గుంటలో తేర్చి, పై నీళ్ళు వరి మడికో వంగ, టమాటా మడులకో పారిస్తే యూరియా కొంత తగ్గించుకోవచ్చు. నా వరకు మన చిన్న రైతుకి లక్షల మెషిన్ల కన్నా చెరువు, తేర్చే గుంట, కింద మడి ఉన్న ఈ పద్ధతే సరైనది. ఒక్క జాగ్రత్త, నైట్రైట్ ఎక్కినప్పుడు దాని పోటు తగ్గడానికి ఉప్పు వేస్తాం కదా, ఆ ఉప్పు నీళ్ళు మాత్రం మడిలోకి మళ్ళించకండి.

అపోహ: తిప్పి వాడే నీళ్ళల్లో పెరిగిన చేప మట్టి వాసన, అది కల్తీ.

వాస్తవం: కల్తీ కాదు. జియోస్మిన్ అనే పదార్థం, కొన్ని సూక్ష్మజీవులు వదులుతాయి, చేప కొవ్వులో చేరుతుంది, ఆరోగ్యానికి హాని లేదు గానీ పులుసు తినబుద్ధి కాదు. అమ్మే ముందు కొద్దిరోజులు మేత ఆపి శుభ్రమైన పారే నీళ్ళల్లో ఉంచితే పోతుంది, ఎన్నాళ్ళు అనేది ఒక చేప వండి రుచి చూసి తేల్చుకోవాలి. ఆ రోజుల్లో బరువు కొంచెం తగ్గుతుంది, రేటు మాట్లాడేటప్పుడు అదీ కలుపుకోండి.