బంగారు నలుసు ఎర్రగా ఎందుకుంటుంది?

ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్ మీద పడే ఎర్ర గీత చాలామంది చూసిందే. కోవిడ్ ర్యాపిడ్ టెస్టులోనూ అలాంటి గీతే. చాలా కిట్లలో ఆ ఎరుపు బంగారానిది! పచ్చగా ఉండే బంగారం, కొన్ని పదుల నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు) నలుసులై నీళ్లలో తేలితే కెంపు రంగుకు తిరుగుతుంది. మైకేల్ ఫారడే 1857లోనే ఈ ఎర్ర ద్రవాన్ని పరిశీలించాడు. నలుసులోని ఎలక్ట్రాన్లు కాంతి తగలగానే కలిసికట్టుగా ఊగి, 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఆకుపచ్చ కాంతిని మింగేస్తాయి. నలుసులు గుంపుకడితే రంగు నీలం వైపు మారుతుంది. అందుకే ఏ రంగు కాంతి ఎంత మింగుడుపడిందో చూపే స్పెక్ట్రమ్ చూసి అవి విడివిడిగా ఉన్నాయో, ముద్దకట్టాయో చెప్పేయొచ్చు.

ఇక్కడ తెలుగులో ఓ చిక్కుంది. సెల్‌నీ కణమే అంటాం, పార్టికల్‌నీ కణమే అంటాం. అందుకే ఒకదాన్ని జీవకణమనీ, రెండోదాన్ని నలుసనీ అంటున్నాను.

మామూలు మైక్రోస్కోపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్నవాటిని విడదీసి చూపలేదు. 50 నానోమీటర్ల నలుసు ఆకారం అందులో తెలియదు. కానీ పక్కనుంచి వెలుతురు పంపి, చెదిరిన కాంతిని మాత్రమే పట్టే డార్క్‌ఫీల్డ్ పద్ధతిలో అది చుక్కలా మెరుస్తుంది, పెంకుల సందులోంచి పడే ఎండలో దుమ్ములాగా. బతికున్న జీవకణంలో దాని ప్రయాణాన్ని అలా వెంబడించవచ్చు. అది సరిగ్గా ఏ తిత్తిలో కూర్చుందో తెలియాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే కావాలి. దానికోసం జీవకణాన్ని చంపి, రెసిన్‌లో బిగించి, పలచటి పొరలుగా కోయాలి. కదలిక చూస్తే చోటు సరిగా తెలియదు, చోటు చూస్తే కదలిక ఉండదు.

ఎంత చిన్నదైతే అంత సులువుగా లోపలికి దూరుతుందని అనుకుంటాం. 2006లో టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు హీలా జీవకణాలకు (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ జీవకణాలు) 14 నుంచి 100 నానోమీటర్ల దాకా రకరకాల బంగారు నలుసులు ఇచ్చి చూస్తే, ఎక్కువగా లోపలికి వెళ్లినవి 50 నానోమీటర్లవి. అసలు నలుసు తనంతట తాను దూరదు, జీవకణమే పొరతో చుట్టి మింగుతుంది. మరీ చిన్న నలుసు చుట్టూ పొర వంగడానికి తగినన్ని గ్రాహకాలు (పొర మీద ఉండి నలుసును పట్టుకునే ప్రోటీన్లు) దొరకవు. పెద్దదానికి గ్రాహకాలు ఎక్కువ ఖర్చవుతాయి. మింగినవి తిత్తుల్లోనే ఉండిపోయాయి, కేంద్రకంలోకి వెళ్లలేదు.

ఇంతకీ జీవకణం తాకేది బంగారాన్ని కాదు. సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కలపగానే నలుసు మీద ప్రోటీన్ల పూత పడుతుంది, స్పెక్ట్రమ్ శిఖరం, అంటే కాంతిని ఎక్కువగా మింగే చోటు, కొద్దిగా ఎరుపు వైపు జరుగుతుంది. నాకు నలుసు సైజు కంటే ఈ పూతే ముఖ్యమనిపిస్తుంది. 2012లో డబ్లిన్ పరిశోధకులు సిలికా నలుసులను సీరమ్ లేకుండా ఊపిరితిత్తి జీవకణాలకు ఇచ్చారు. పూత లేని ఆ నలుసులు పొరకు గట్టిగా అతుక్కున్నాయి, ఎక్కువగా లోపలికి వెళ్లాయి. జీవకణాలకు దెబ్బ కూడా ఎక్కువే తగిలింది.