లెన్సు సొల్యూషన్‌కి పచ్చచుక్క ఎందుకు లేదు?

ఒడిశాలోని బరంపురం కళ్లద్దాల షాపుల్లో పాత పేచీ మళ్లీ రాజుకుంది. కాంటాక్టు లెన్సులు కడిగే సొల్యూషన్‌లో జంతువుల సరుకేమైనా కలిసిందా, దాన్ని జంతువుల మీద పరీక్షించారా అని కాలేజీ పిల్లలు కౌంటరు దగ్గర నిలదీస్తున్నారు. గిరి రోడ్డులో అడిగినా, గాంధీనగర్‌లో అడిగినా జవాబు దాదాపు ఒక్కటే. "ఇండియాలో అదంతా ఎప్పుడో బ్యాన్ అయిపోయిందమ్మా, ఏ సీసా అయినా పర్లేదు." సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వెళ్లినా ఇదే మాట. అందులో సగం నిజముంది. మిగతా సగం ఎక్కడ జారిపోయిందో తెలియాలంటే 2014కి వెళ్లాలి.

కుందేలు కంట్లో రసాయనం వేసి చూసే డ్రెయిజ్ పరీక్ష 1944లో పుట్టింది. దాని మీద 1980లో జంతు హక్కుల ఉద్యమకారుడు హెన్రీ స్పైరా అమెరికాలో నడిపిన ఉద్యమం, సౌందర్య సాధనాల కంపెనీ రెవ్లాన్ దిగిరావడం చాలామందికి తెలిసిన కథే. మన గొడవకు అసలు మూలం అక్కడ లేదు, ఢిల్లీ గెజెట్లలో ఉంది.

2014 మేలో కేంద్రం 1945 నాటి ఔషధ, సౌందర్య సాధనాల రూల్స్‌లో 148-సి చేర్చింది. సౌందర్య సాధనాల పరీక్షకు ఎవరూ జంతువులను వాడరాదన్నది దాని సారం. అక్టోబరులో 135-బి వచ్చింది. బయటి దేశాల్లో జంతువుల మీద పరీక్షించిన సౌందర్య సాధనాల దిగుమతి నవంబరు 13 నుంచి ఆగిపోయింది. ఈ రెండింటి మధ్య, జులై 1 నుంచి తూనికలు కొలతల వాళ్ల రూలు ఒకటి అమల్లోకి వచ్చింది. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు, ఇతర సౌందర్య సాధనాల పెట్టెల మీద శాకాహారమైతే పచ్చచుక్క, కాకపోతే ఎర్రదో గోధుమ రంగుదో వెయ్యాలన్నారు. (ఆ చుక్క తర్వాత పడిన పాట్లు వేరే గొడవ.) ఏడాది తిరక్కుండా ఒకవైపు పరీక్షల సంగతి, మరోవైపు ముడిసరుకు సంగతి తేల్చేశారని జనం అనుకున్నారు. అప్పటి పత్రికల శీర్షికలూ 'జంతు పరీక్షలపై నిషేధం' అన్నట్టే సాగాయి. షాపువాళ్ల నోట ఇప్పుడు వినిపిస్తున్నది ఆ శీర్షికే.

రూల్సు చూసింది మాత్రం ఒంటికి పూసుకునే సరుకునే. కంటికి దిద్దుకునే కాటుక లోపలికి వచ్చింది. కంట్లో పెట్టుకునే లెన్సు, దాన్ని కడిగే సొల్యూషన్ బయట ఉండిపోయాయి. చట్టం దృష్టిలో అవి అందం సరుకులు కావు. మందులు, వైద్య పరికరాల కోవలోకి వస్తాయి. 2018 జనవరి 1న అమల్లోకి వచ్చిన వైద్య పరికరాల రూల్సు, 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నిటినీ ఔషధ చట్టం కిందకు తెచ్చిన ప్రకటన ఆ గీతను ఇంకా గట్టిగా గీశాయి. 2020లో సౌందర్య సాధనాలకు విడిగా రూల్సు వచ్చినప్పుడు జంతు పరీక్షల నిషేధం అందులోకి చేరింది. సొల్యూషన్ దారి వేరే.

ఆ దారిలో ఏముందో షాపుల్లో ఎవరూ చెప్పరు, చాలామందికి తెలియదు కూడా. ఐఎస్‌ఓ 9394 అని అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. లెన్సులు, వాటిని శుభ్రం చేసే ద్రావణాలు కంటికి పడతాయో లేదో కుందేలు కళ్లతో తేల్చే పద్ధతి అది, పేరులోనే ఆ సంగతి రాసి ఉంటుంది. సొల్యూషన్‌లో నానబెట్టిన లెన్సును కుందేలు కంట్లో పెట్టి, రోజూ గంటల తరబడి ఉంచి తీస్తారు. ఇలా వరసగా 21 రోజులు చేస్తారు. కంటి ఎరుపు, వాపు, కార్నియా మసక చూసి మార్కులు వేస్తారు. చివర్న ఆ కంటి కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తారు. కొత్త ఫార్ములా తెచ్చే కంపెనీకి ఇది మామూలు మెట్టు. 'చట్టం అడిగినచోట తప్ప మేం జంతువుల మీద పరీక్షించం' అని పెద్ద కంపెనీలు రాసుకునే వాక్యంలో 'తప్ప' అన్నచోట ఉన్నవి ఇలాంటివే.

షాపువాళ్ల వాదన పొట్టిది. పెట్టె మీద లేనిది మేమెలా చెబుతాం అంటారు. అదీ నిజమే, కానీ లేని నిషేధాన్ని 'బ్యాన్ అయిపోయింది' అని ఉందనిపించడం కూడా వాళ్ల పనే.

ముడిసరుకు దగ్గర మాత్రం అడిగేవాళ్లకు కాస్త ఊరట ఉంది. ఇప్పుడు బజారులో ఎక్కువగా దొరికే మల్టీపర్పస్ సీసా తిప్పి చూస్తే పాలీక్వాటర్నియం-1 లేదా పీహెచ్ఎంబీ, బోరిక్ ఆమ్లం, ఈడీటీఏ, ఉప్పు కనిపిస్తాయి. అన్నీ కృత్రిమంగా చేసినవో ఖనిజాలో. చిక్కు పాత ఎంజైము మాత్రలతో. కన్నీళ్లలోని ప్రొటీన్ లెన్సుకు పట్టి మసకబారుతుంది, దాన్ని కరిగించడానికి వాటిని వాడేవారు. వాటిలో మూడు రకాలు. పపెయిన్ బొప్పాయి పాల నుంచి, సబ్‌టిలిసిన్ బ్యాక్టీరియా నుంచి వస్తాయి. మూడోది పాంక్రియాటిన్, పంది క్లోమం నుంచి తీసేది. కార్తీకంలో ఉల్లిపాయ కూడా గడప దాటనివ్వని ఇళ్లలో ఆ మాత్ర లెన్సుల పెట్టెలోకి ఎన్నిసార్లు చేరిందో ఎవరు చూశారు? హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో క్రిములను చంపే రకంలోనూ ఒక మెలిక ఉంది. దాని ఘాటు విరవడానికి ప్లాటినం బిళ్ల ఉన్న లెన్సుల కేసు ఇస్తే ఫర్వాలేదు. మాత్ర ఇస్తే అందులో కాటలేజ్ అనే ఎంజైము ఉండొచ్చు. దాన్ని సూక్ష్మజీవుల నుంచీ తీస్తారు, పశువుల కాలేయం నుంచీ తీస్తారు. ఎక్కడిదో పెట్టె మీద ఉండదు.

పట్టుపురుగును ఉడకబెట్టి తీసిన దారంతో చీరలు నేసే ఊళ్లో ఈ పట్టింపులేమిటని ఎద్దేవా చేసేవాళ్లూ ఉన్నారు. అడిగే పిల్లల్లో నేత ఇళ్లవాళ్లూ ఉన్నారు మరి.

కంటి డాక్టర్ల వైపు నుంచి వినిపించే మాట 2006 గురించి. 2004లో వచ్చిన రెన్యూ మాయిశ్చర్‌లాక్ అనే సొల్యూషన్ వాడినవాళ్లలో ఫ్యుజేరియం బూజు కార్నియాను తినేసిన కేసులు సింగపూర్, హాంకాంగ్, అమెరికాల్లో బయటపడ్డాయి. 2006 మేలో బాష్ అండ్ లాంబ్ కంపెనీ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడాది మేలో అకాంతమీబా అనే క్రిమి మూలంగా మరో కంపెనీ సొల్యూషన్ వెనక్కి వెళ్లింది. పరీక్షలు సడలిస్తే ఇంకేమవుతుందోనని డాక్టర్ల భయం. భయం సబబే. కాకపోతే ఆ రెండు సొల్యూషన్లూ అప్పటికి అడిగిన పరీక్షలు దాటుకునే బజారుకొచ్చాయి. కంటికి మంట పుడుతుందా లేదా అన్నది కుందేలు చెప్పగలదు. లెన్సుల కేసులో పాత సొల్యూషన్ మీదే కొత్తది పోసి వారాలు గడిపే మనిషి అలవాటును అది పట్టుకోలేదు.

ఈ పేచీలో అసలు ప్రమాదం వేరేచోట ఉంది. ఏ సీసానూ నమ్మలేక కొందరు కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతోనో, మినరల్ వాటర్‌తోనో లెన్సులు కడుగుతున్నారు. అకాంతమీబా మనం తాగే నీళ్లలోనూ ఉండొచ్చు, బావి నీళ్లైనా కుళాయి నీళ్లైనా ఒకటే. కాచి చేసిన ఉప్పునీళ్లూ నిలవుంటే కలుషితమవుతాయి, పైగా వాటికి క్రిమిని చంపే శక్తి లేదు. ఆ క్రిమి పడితే నెలల తరబడి చుక్కలు వేసుకోవాలి, చూపు పోయినా పోవచ్చు.

మరి కుందేలు బొమ్మ ఉన్న సీసా లేదా? జంతువుల మీద పరీక్షించలేదని తెలిపే దూకే కుందేలు (లీపింగ్ బన్నీ) ముద్ర 1996 నుంచి ఉంది, కానీ అది సౌందర్య సాధనాలు, ఇంట్లో వాడే సరుకుల కోసం పెట్టింది. అమెరికాలో క్లియర్ కాన్షన్స్ అనే చిన్న బ్రాండు సొల్యూషన్‌కి జంతు పరీక్షలు లేవని చెప్పి అమ్మింది, మన షాపుల్లో అడిగితే ఆ పేరు ఎవరికీ తెలియదు. చిన్న బ్రాండ్లకు ఒక వెసులుబాటు ఉంది. అప్పటికే ఆమోదం పొందిన ఫార్ములాతో తమది సమానమని చూపిస్తే అమెరికాలో దారి తేలికవుతుంది. కొత్త కుందేలు అక్కర్లేదు, పాత కుందేళ్ల లెక్క చాలు. దాన్ని నిరపాయం అనుకోవాలో, వాయిదా పడ్డ పాపం అనుకోవాలో వాడేవాళ్లే తేల్చుకోవాలి.

ఈ మధ్య చలనం లేకపోలేదు. మనిషి కణాలతో ప్రయోగశాలలో పెంచిన, కార్నియా లాంటి పొరతో కంటి మంటను అంచనా వేసే పద్ధతిని ఓఈసీడీ అనే దేశాల కూటమి 2015లో 492వ మార్గదర్శకంగా ఆమోదించింది. 2023 మార్చిలో మన కేంద్రం కొత్త మందుల రూల్స్‌ను సవరించి, జంతువులు లేని పద్ధతులకు చోటిచ్చింది. ఆ సవరణ కొత్త మందుల పుస్తకంలోకి వెళ్లింది. సొల్యూషన్ ఉన్నది వైద్య పరికరాల పుస్తకంలో.

ఈలోగా కొందరు సొల్యూషన్ జోలి లేకుండా రోజుకో జత వాడి పారేసే లెన్సులకు మారుతున్నారు. ఖర్చు పెరుగుతుంది, పైగా ఆ లెన్సుదీ అదే పరీక్షల దారి. కొందరు మళ్లీ కళ్లద్దాలకు వచ్చేస్తున్నారు. ఇంకొందరు పెట్టె మీది దిగుమతిదారు చిరునామాకు రెండు ప్రశ్నలు విడివిడిగా రాసి పంపుతున్నారు: ఎంజైములు, గ్లిజరిన్ ఉంటే ఎక్కడివి? ఈ ఫార్ములాను చివరిసారి ఏ జంతువు మీద, ఏ ఏడాదిలో పరీక్షించారు?