ఫైట్‌కు మార్కులు దేన్నిబట్టి? ‘ది రెయిడ్’ మిగిల్చిన తగువు

స్టంట్ డిజైన్‌కు, అంటే పోరాట, సాహస దృశ్యాల రూపకల్పనకు, ప్రత్యేకంగా ఆస్కార్ ఇస్తామని అమెరికా చలనచిత్ర అకాడమీ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ సందర్భంగా విడుదల చేసిన పోస్టర్‌లో ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ దృశ్యానికీ చోటు దక్కడంతో తెలుగు ప్రేక్షకులు సంబరపడ్డారు. 2027లో విడుదలయ్యే చిత్రాలకు 2028లో జరిగే 100వ వేడుకలో తొలి అవార్డు అందుతుంది. అర్హత, ఓటింగ్ నిబంధనలను 2027లో వెల్లడిస్తామని అకాడమీ అప్పుడే చెప్పింది. దీంతో పాత వాదం మళ్ళీ రాజుకుంది. తెర నిండా నెత్తురు పారే సినిమాలో పోరాట దృశ్యాన్ని దేన్నిబట్టి అంచనా వేయాలి?

బ్రూస్ లీ మొదలు జాకీ చాన్ దాకా సాగిన చరిత్ర పాఠకులు ఎరిగినదే కనుక ఇక్కడ తిరగదోడనవసరం లేదు. నేటి వాదానికి అసలు మలుపు 2012 మార్చిలో, ‘ది రెయిడ్’ అనే ఇండోనేషియా చిత్రం అమెరికాలో విడుదలైనప్పుడు వచ్చింది. అంతకుముందు సెప్టెంబరులో టొరంటో చిత్రోత్సవంలో అర్ధరాత్రి ప్రదర్శనల విభాగంలో ప్రేక్షకుల బహుమతి గెలుచుకున్న ఆ సినిమాకు ప్రసిద్ధ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ నాలుగింట ఒక్క నక్షత్రమే ఇచ్చారు. పాత్రలు లేవు, మాటలు లేవు, ఉన్నదంతా హింసేనన్నది ఆయన అభ్యంతరం. అభిమానులు మండిపడటంతో తన మాటను సమర్థించుకుంటూ మరో వ్యాసం రాశారు. నెత్తురోడే ‘కిల్ బిల్’ సినిమా రెండు భాగాలకూ నాలుగేసి నక్షత్రాలు ఇచ్చినది కూడా ఆయనే కాబట్టి, నెత్తురు చూసి జడిసిన మనిషి అనుకోవడానికి వీల్లేదు.

ఎబర్ట్ లేదన్న కథ ఆ చిత్రంలో పోరాటాల లోపలే ఉందన్నది అవతలి పక్షం వాదన. జకార్తాలో ఒక ముఠా నాయకుడి గుప్పిట్లో ఉన్న 15 అంతస్తుల భవనంలోకి పోలీసు దళం చొరబడుతుంది. మొదట తుపాకులు మోగుతాయి, తూటాలు అయిపోయాక కత్తులు, చివరికి వట్టి చేతులు మిగులుతాయి. ఆయుధం తగ్గిన కొద్దీ మనుషుల మధ్య దూరం తగ్గి, ఒక్కో దెబ్బ బరువు పెరుగుతుంది. మ్యాడ్ డాగ్ అనే రౌడీ చేతిలో తుపాకి ఉండి కూడా పక్కన పెట్టి చేతులతో తలపడతాడు. అతడి స్వభావం గురించి పేజీడు సంభాషణలు చెప్పలేనిది ఆ ఒక్క పని చెబుతుంది.

పనితనం సంగతికి వస్తే, పెంచాక్ సిలాట్ యుద్ధవిద్యలో ఆరితేరిన ఇకో ఉవైస్, యాయాన్ రుహియాన్ ఆ ఫైట్లను తామే కంపోజ్ చేసి తామే నటించారు. దర్శకుడు గారెత్ ఎవాన్స్ వారితో కలిసి ప్రతి ఫైట్‌నూ ముందుగా చిన్న కెమెరాతో చిత్రించి, షాట్ల వరుస ఖాయం చేసుకున్నాకే సెట్‌కు వెళ్లారు. ఎడిటింగ్ కూడా ఆయనదే. అందుకే ఎవరు ఎక్కడ నిలబడ్డారో, దెబ్బ ఎటునుంచి వచ్చిందో ప్రేక్షకుడికి తికమక ఉండదు. కెమెరాను ఊపేసి, అర సెకనుకో కట్ వేసి లోపాలను కప్పిపుచ్చే ఫైట్లతో పోలిస్తే ఇది తక్కువ విషయం కాదు. పైగా ఏ ఫైట్ మాస్టరైనా ఒప్పుకునే మాట ఒకటుంది: కొట్టేవాడి ఊపు కంటే దెబ్బ తినేవాడి రియాక్షనే షాట్‌ను నిలబెడుతుంది. సమీక్షల్లో ఆ రెండోవాడి ప్రస్తావన ఎంత అరుదో చెప్పనక్కరలేదు.

ఈ కొలమానాలు 2012లో కొత్తగా పుట్టినవి కావు. హాంకాంగ్ ఫిల్మ్ అవార్డులు 1983లోనే యాక్షన్ కొరియోగ్రఫీకి బహుమతి ఇచ్చాయి. మన జాతీయ పురస్కారాలలో 2016 చిత్రాలకు ఈ విభాగం చేరి, తొలిసారి మలయాళ చిత్రం ‘పులిమురుగన్’కు ఫైట్ మాస్టర్ పీటర్ హెయిన్‌ను, తర్వాత ‘ఆర్‌ఆర్‌ఆర్‌’కు కింగ్ సాల్మన్‌ను వరించింది. హాలీవుడ్‌లో మాత్రం స్టంట్ కోఆర్డినేటర్ జాక్ గిల్ 1991 నుంచి అకాడమీని అడుగుతూనే వచ్చారు.

హింస ఎంత అన్నది సెన్సార్ సర్టిఫికెట్ తేల్చే సంగతి. పనితనాన్ని తేల్చవలసింది అవార్డు. ఎబర్ట్ పక్షం ఈ రెంటినీ విడదీయలేమంటుంది, ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అకాడమీ ముందు అంతకంటే చిక్కు ప్రశ్న మరొకటి ఉంది. నటులే కంపోజ్ చేసి, దర్శకుడే ఎడిట్ చేసిన ‘ది రెయిడ్’ లాంటి సినిమా రేపు పోటీకి వస్తే, స్టంట్ డిజైనర్‌గా ఎవరి పేరు పంపాలో నిబంధనలు తేల్చవలసి ఉంటుంది.