తిండి తప్పు కాని కొలెస్ట్రాల్

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నలభై దాటకుండానే ఎవరైనా గుండెపోటుతో పోతే, తాగుడనో టెన్షననో అంటారు. మాంసం ఎక్కువ పెట్టిందని, నూనె ఎక్కువ పోసిందని వండిపెట్టిన ఇల్లాలినీ అంటారు. అదే ఇంట్లో తండ్రి, చిన్నాన్న కూడా అలాగే పోయి ఉంటే మాట మారుతుంది: "ఆ ఇంటి మగాళ్ళకి ఆయుష్షు లేదు." ఈ మాటను కొట్టిపారేయకూడదు. పుట్టుకతో వచ్చే అధిక కొలెస్ట్రాల్ అచ్చం ఇలాగే తరాల వెంట నడుస్తుంది. ప్రపంచంలో సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా.

1930ల చివర్లో నార్వే వైద్యుడు కార్ల్ ముల్లర్ కొన్ని కుటుంబాల్లో ఒక సంగతి గమనించాడు. చేతి కణుపుల మీద, మడమ వెనక నరం మీద కొవ్వు గడ్డలు, వాటితోపాటే గుండెనొప్పి. 1964లో లెబనాన్‌లో ఖచదూరియన్ అనే వైద్యుడు దీని లెక్క తేల్చాడు. అక్కడా మనలాగే దగ్గరి చుట్టాల్లో పెళ్ళిళ్ళు ఎక్కువ. ఆ కుటుంబాల్లో కొందరికి కొలెస్ట్రాల్ మామూలుగా ఉంది, కొందరికి రెట్టింపు, కొద్దిమందికి నాలుగింతలు. చెడిన జన్యువు ఒకవైపు నుంచే వస్తే రెట్టింపు, అమ్మా నాన్నా ఇద్దరి నుంచీ వస్తే నాలుగింతలు. అలాంటి పిల్లలకి చిన్నప్పుడే గడ్డలు కనిపిస్తాయి, మందు లేకపోతే ఇరవై ఏళ్ళలోపే గుండెపోటు రావచ్చు.

మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడం ఎరిగిన మన జిల్లాలకి ఇది పరాయి సంగతి కాదు. ఒక్కరికే జబ్బుంటే, ఎవరిని చేసుకున్నా ప్రతి బిడ్డకీ సగం అవకాశం ఉంటుంది. ఇద్దరికీ ఉంటే నలుగురిలో ఒకరికి ఆ తీవ్రమైన రూపం రావచ్చు. రక్త సంబంధంలో ఆ "ఇద్దరికీ" కలిసొచ్చే వీలు పెరుగుతుంది.

అసలు చెడేదేమిటో 1970ల మొదట్లో అమెరికాలోని డాలస్‌లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తేల్చారు. తీవ్రమైన రూపం ఉన్న పిల్లల చర్మకణాలను పెంచి చూస్తే, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, పట్టి లోపలికి లాక్కునే రిసెప్టర్లు వాటికి లేవు. ఒంట్లో ఈ పని ఎక్కువగా లివర్‌ది. వాన ఎక్కువ పడకపోయినా మదుము పూడుకుంటే చెరువు నిండిపోయినట్టే, తిండి తగ్గించినా ఎల్‌డీఎల్ పేరుకుంటుంది. వాళ్ళిద్దరికీ 1985లో నోబెల్ వచ్చింది. జపాన్‌లో అకిరా ఎండో బూజు నుంచి తీసిన పదార్థంతో మొదలైన స్టాటిన్లు, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మందులు, 1987లో మార్కెట్లోకి వచ్చాయి. 2003లో ఫ్రెంచి కుటుంబాల్లో పీసీఎస్‌కే9 అనే మరో జన్యువు బయటపడింది. దాని ప్రోటీన్ ఆ రిసెప్టర్లను నాశనం చేస్తుంది. దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2015 నుంచి ఉన్నాయి.

అందరి కొలెస్ట్రాలూ ఇలాంటిది కాదు. చాలామందిలో ఎన్నో జన్యువులు తలా కాస్త చెయ్యి వేస్తాయి, తిండి, షుగరు తోడవుతాయి. కానీ పెద్దవాళ్ళలో ఎల్‌డీఎల్ 190 (mg/dL) దాటి, ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు ఉంటే, నూనె తగ్గించమని చెప్పి పంపేయడం అన్యాయం. పోయినవాడి అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్ళకి, పిల్లలకి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొలెస్ట్రాల్ ఎంతుందో చూసే పరీక్ష) చేయించాలి. మనవాళ్ళు పనుల కోసం విశాఖ, హైదరాబాద్, చెన్నై చెదిరిపోయి, ఎవరి రిపోర్టు ఎవరికీ తెలియడం లేదు. అందరూ చేరేది పెద్దకర్మ రోజునే, ఆ మాట అప్పుడే ఎత్తాలి. పిల్లలకి పదేళ్ళలోపే ఈ పరీక్ష చేయించవచ్చు. అవసరమైతే ఎనిమిది, పదేళ్ళ వయసు నుంచే డాక్టర్లు స్టాటిన్ మొదలుపెడతారు.